తేనెమైనానికి మసి పట్టిన రోజు

మా ఆడపడుచు పోయిందని పోయిన మంగళవారం పొద్దున్నే ఆమదాలవలస నుంచి ఫోను వచ్చింది. ఇంట్లో ఏ మైనం కొవ్వొత్తి వెలిగించాలన్న మా ఇద్దరి వాదన ఇంకా తేలలేదు. నాకు అక్షరాలు రావు, నోరుంది. నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది.

ఆవిడ నాకంటే నాలుగేళ్లు చిన్న. దేన్నీ విని నమ్మేది కాదు. కొత్త సబ్బు కొంటే ముందు పాతగుడ్డ మీద రుద్ది చూసేది. "పేరు సూసి మెచ్చకు వదినా, పని సూసి మెచ్చు" అనేది.

కిందటేడు గాలివాన తరవాత నెల్లిమర్లలో మాకు చాలా రోజులు కరెంటు లేదు. మనవరాలికి ఆయాసం. పొగ తగలకూడదని డాక్టరు చెప్పాడు. కొట్లో కొవ్వొత్తుల మైనం పెట్రోలు తీసే ముడినూనెలోంచే వస్తుందని ఎవరో అంటే, అవి మా గడప దాటకూడదన్నాను. సంతలో ఒక కొండావిడ దగ్గర తేనెమైనం కొని, కరిగించి, బొప్పాయి కాడలో పోశాను. దేవుడి దీపానికి పెట్టినట్టే రెండు ఒత్తులు కలిపి పేని పెట్టాను. ఒంటి ఒత్తి మా ఇళ్లలో చావుకే పెడతారు.

వెలిగించిన కాసేపటికే గోడ నల్లబడింది, పాప దగ్గు అందుకుంది. కల్తీ మైనం అంటగట్టిందని మర్నాడు పొద్దున్నే కొండావిడ మీద తగువుకి బయల్దేరుతుంటే, మమ్మల్ని చూడ్డానికి ఆమదాలవలస నుంచి వచ్చిన ఆడపడుచు ఎదురొచ్చింది.

"ఆగు వదినా. తిట్టడానికి నోరు రేపూ ఉంటాది. ముందు సూద్దాం."

ఆ మధ్యాహ్నం పాపను పక్కింటికి పంపి, మూడు వరసగా పెట్టింది: కొట్లో కొవ్వొత్తి, నా తేనెమైనం, తన కూతురు గాజుగ్లాసులో పోసిచ్చిన, సోయాగింజల నూనెతో చేసిన మైనం. కాటుక పట్టినట్టు ఒక్కోదాని మీద ఇత్తడి పళ్లెం బోర్లించింది. తిప్పి చూస్తే నా పళ్లెమే అన్నిటికంటే నలుపు.

"ఏటే, నవ్వుతన్నావు?" అన్నాను.

"నవ్వక ఏటి సేస్తాను? ఈ మసి ఊళ్లో పిల్లలందరికీ కాటుకొస్తాది."

అదే మైనం మళ్లీ కరిగించి, సన్నటి ఒంటి ఒత్తి వేసింది. నాకు ఒళ్లు మండింది.

"పాపున్న ఇంట్లో ఒంటి ఒత్తేటే? ఎవరి సావు కోరతన్నావు?"

"దేవుడికి రెండెట్టు, నానొద్దన్నానా? ఊపిరాడనిది పాపకి, దేవుడికి కాదు."

ఈసారి పళ్లెం మీద వేలు రాస్తే మరక కనీకనపడకుండా ఉంది. తప్పు మైనానిది కాదు, నా లావు ఒత్తిది. కొట్టు కొవ్వొత్తి ఒత్తిని కూడా గోరంత ఉంచి కత్తిరించింది. దాని మసీ తగ్గింది గానీ తేనెమైనమంత కాదు. సోయాది అన్నిటికంటే శుభ్రం, అయితే మా ఉక్కకి గ్లాసులోనే పెరుగులా మెత్తబడింది.

"ఏది మంచిదో తేల్చవే" అన్నాను.

"తేలలేదు. గాలొస్తే ఏటవుతాదో సూడాల" అని కిటికీ తెరిచింది.

తరవాత నన్ను సంతకు తీసుకెళ్లి, ఆ కొండావిడ దగ్గరే ఇంకో ముద్ద కొనిపించింది. నేను తిట్టబోయానని ఆమెకు చెప్పలేదు.

నా మాట ఇది. తేనెమైనమే పెడతాను, సన్నటి ఒంటి ఒత్తితో, కిటికీ తీసి. అది దొరకని రోజు కొట్టుదైనా ఒత్తి కత్తిరించి వెలిగిస్తాను. పేరు నమ్మి పాపను దగ్గించింది నేనే. ఆవిడ ఉండగా ఈ ఒక్క ముక్క ఒప్పుకోలేదు.

చెబుతుండగానే వానకి కరెంటు పోయింది. పాప లేచి ఒంటి ఒత్తి తేనెమైనం కొవ్వొత్తి వెలిగించి, మళ్లీ కాగితం ముందు కూర్చుంది. నేను మాట ఆపాను. కలం గీరుతున్న చప్పుడూ, దాని వెనకే పాప ఊపిరీ వినిపిస్తున్నాయి. ఊపిరిలో ఈల లేదు.

"తరవాతేటి, మామ్మా?" అంటోంది.