ఆర్గోస్‌లో ఏడుపు మానమన్నారు

గ్రీకుదేశంలో ఆర్గోస్ అనే ఊళ్ళో ఎవరి ప్రాణం పోయినా, శవానికి నూనె పూయకముందే త్రిఫైనాకి కబురు వెళ్ళేది. కూలికి శోకాలు పెట్టడం ఆమె వృత్తి. వాళ్ళమ్మదీ అదే, అమ్మమ్మదీ అదే. జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ, పోయిన మనిషి బతుకంతా రాగం కట్టి ఆమె ఏడుస్తుంటే వీధిలో గాడిదలు తోలుకుపోయేవాళ్ళు కూడా ఆగి ముక్కు చీదుకునేవాళ్ళు. ఆమె కంట్లో మాత్రం చుక్క నీరుండేది కాదు. "నేనేడుస్తూ కూచుంటే పాడేదెవరే?" అనేది.

చావింటికి వెళ్ళగానే ఆమె శవం దగ్గరికి పోయేది కాదు. నేరుగా వంటింట్లో చతికిలబడి ఆడవాళ్ళని ప్రశ్నలతో పీక్కుతినేది. ఆయనకి ఏం కూరంటే ఇష్టం? కోపమొస్తే ఏమని తిట్టేవాడు? ఎవరితో మాటల్లేవు? అన్నీ విన్నాకే గొంతు సవరించుకునేది. అందుకే ఆమె పాటలో పీనాసి పీనాసిగానే పోయేవాడు, తాగుబోతు తాగుబోతుగానే పోయేవాడు. అయినా ఇంటివాళ్ళు ఏడ్చేవాళ్ళు. నిజంగా వాడి కోసమే ఏడ్చేవాళ్ళు.

తరువాత కాలం తిరగబడింది. బలులు ఆపమని, గుళ్ళు మూయమని రాజధాని నుంచి క్రైస్తవ చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది. ఊళ్ళో అందరికంటే ముందు మారినవాడు పాంక్రాటిస్. వాళ్ళమ్మ హేరా అమ్మవారి పూజారిణి. చిన్నప్పుడు పండగనాడు అమ్మవారి ఎడ్లబండి మీద ఆమె పక్కనే కూర్చుని ఊరంతా ఊరేగినవాడు. ఆజ్ఞ వచ్చిన ఏడాది తిరక్కుండానే బాప్తిస్మం పుచ్చుకున్నాడు. మరుసటేటికి చర్చిలో సంఘపెద్ద అయ్యాడు. ఆ పై ఏడు, కూలిన అమ్మవారి గుడి రాళ్ళు బండ్ల మీద తెప్పించి, తన పెరట్లో పందుల దొడ్డికి గోడ కట్టించాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరినీ ఆ గోడ చూడమని పెరట్లోకి తీసుకెళ్ళేవాడు.

"నా కళ్ళు తెరుచుకున్నాయమ్మా," అన్నాడు ఒకసారి త్రిఫైనాతో.

"తెరుచుకోకేం బాబూ. పెద్దపీట ఎటు వేశారో నీకు అందరికంటే ముందే కనపడింది," అంది త్రిఫైనా.

ఆ మాట అతను మరిచిపోలేదు. చావు నిద్రలాంటిదనీ, మళ్ళీ లేస్తారన్న నమ్మకం లేనివాళ్ళే గుండెలు బాదుకుంటారనీ బిషప్పు గారు బోధించారు. ఆయన ముసలాయన, మెతకమనిషి. చెప్పి ఊరుకున్నారు. ఊరుకోనివాడు పాంక్రాటిస్. తెల్లబట్టలు కట్టుకుని, చేతికర్ర పట్టుకుని, ప్రతి చావింటి ముందూ కాపలా నిలబడేవాడు. కుమ్మరి ఒకడు పోయినప్పుడు త్రిఫైనా పాట సగంలో ఉండగా కర్రతో నేల మీద కొట్టాడు.

"చాలించు! ఇక్కడ కీర్తన పాడతారు. నీ బూతుపురాణం ఎవడికి కావాలి?"

"మీ కీర్తన నిన్న నూనెకొట్టు ఆసామికీ పాడారు, మొన్న చంటిపిల్లకీ పాడారు. ఇవాళ కుమ్మరికీ అదేనా? పోయిందెవడో దేవుడికైనా తెలియాలి కదయ్యా!"

"దేవుడికి అన్నీ తెలుసు."

"అయితే కీర్తన మాత్రం ఎందుకు? అదీ ఆయనకి తెలిసిందేగా!"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. పాంక్రాటిస్ ముఖం కందగడ్డయింది. ఆనాటి నుంచి త్రిఫైనాని పిలిచిన ఇంటికి సంఘం నుంచి ఎవరూ రారని చాటింపు వేయించాడు. పిలుపులు ఆగిపోయాయి. నిన్నటిదాకా ఆమె కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళే వీధిలో ఎదురైతే గోడల వంక చూస్తూ పోయేవాళ్ళు.

రెండేళ్ళు పస్తులతో ఈడ్చింది. పక్కింట్లో ఉండే చాకలి జోసిమే ఒక్కతే గిన్నెడు పప్పుపులుసు పట్టుకుని వచ్చేది. ఆమె చేతులు బట్టలుతికే సవుడు నీళ్ళలో నాని నాని ఎప్పుడూ పగుళ్ళిచ్చి ఉండేవి.

"ఒసే త్రిఫైనా, చర్చి వాళ్ళ విధవల జాబితాలో పేరు రాయించుకోవే. వారం వారం రొట్టె, నూనె ఇస్తారు. నేనూ రాయించుకున్నాగా," అంది.

"నీళ్ళలో ముంచుతారటగా?"

"ముంచితే ఏం? నేను పుట్టినకాడినుంచీ నీళ్ళలోనే ఉన్నా. నాకేమైంది?"

త్రిఫైనా మునిగింది. బయటికొచ్చి, "నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయి. అంతకుమించి నాకేం తెలీలేదు," అని జోసిమే చెవిలో చెప్పింది. ప్రతి ఆదివారం నల్ల ముసుగు వేసుకుని విధవల వరసలో బుద్ధిగా కూర్చునేది. అందరూ ఒకే కీర్తన ఒకే గొంతుతో సాగదీస్తుంటే పెదాలు మాత్రం కదిపేది. తనని చూస్తే తనకే రోత పుట్టేది. పాంక్రాటిస్‌ని ఎన్ని అన్నా, రొట్టె కోసం తానూ అదే గుమ్మం తొక్కింది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

చలికాలంలో జోసిమే పోయింది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. వాన పడుతోంది, తొందరగా కానివ్వాలని అందరికీ ఆత్రం. కీర్తనలో నాలుగు చరణాలు మింగేశారు. ఆమె పేరు కూడా ఎవరూ పలకలేదు. "మన సహోదరి" అన్నారు, అంతే. మన్ను వేయబోతుండగా త్రిఫైనా ముసుగు లాగి పారేసింది.

ఆ పాట గురించి ఆర్గోస్‌లో చాలాకాలం చెప్పుకున్నారు. ఊరందరి మురికీ జోసిమే ఎలా ఉతికిందో పాడింది. ఎవరింటి దుప్పటి మీద ఏ మరక ఉందో తెలిసీ ఒక్కరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుని పోతోందని పాడింది. ఆ మాట దగ్గర ఎందరో తలలు వంచుకున్నారు. పాడుతుండగా మొదటిసారి త్రిఫైనాకి ఏడుపొచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. పాట చెడిపోయింది, రాగం ఎక్కడికో పోయింది. అయినా ఆపలేదు.

మర్నాడే ఆమె పేరు జాబితాలోంచి కొట్టేశారు. కొట్టించింది ఎవరో చెప్పనక్కర్లేదు.

ద్రాక్షలు కోసే రోజులొచ్చేసరికి పాంక్రాటిస్ భార్య ఆంథూసా జ్వరంతో పోయింది. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా ఆ పెద్దమనిషి త్రిఫైనా ఇంటి ముందు వచ్చి నిలబడ్డాడు. కర్ర లేదు. ముఖం పిండిబొమ్మలా ఉంది.

"ఏడుపు రావట్లేదు, త్రిఫైనా. నిన్నటి నుంచీ ఇక్కడ రాయి పెట్టినట్టుంది," అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఒక్కసారి వచ్చి పాడు. పెరటి తలుపు తీసి ఉంచుతాను."

"పెరటి తలుపా? మీ అమ్మకి శోకం పెట్టడానికి వీధి గుమ్మంలోంచే వచ్చాను నాయనా. పందుల్ని దాటుకుని రావడం నాకు అలవాటు లేదు."

అతను వీధి గుమ్మంలోంచే తీసుకువెళ్ళాడు. తెల్లబట్టల సంఘమంతా నోరు తెరుచుకుని చూసింది.

వంటింట్లో కూర్చుని ఆమె మొదలుపెట్టింది. "ఆంథూసాకి ఏం తినడం ఇష్టం?"

"అన్నీ తినేది."

"అన్నీ అంటే?"

పాంక్రాటిస్ ఆలోచించాడు. "పెట్టింది తినేది."

"కోపమొస్తే ఏమనేది?"

"దానికి కోపం ఎక్కడిది? వట్టి శాంతమూర్తి."

"ముప్ఫై ఏళ్ళు కాపురం చేశావు. ఆ గోడలో రాళ్ళెన్నో అడిగితే చెబుతావు. పెళ్ళాం సంగతి ఒక్కటీ తెలీదు. నేనేం పాడను? పెట్టింది తిన్నదని పాడనా?"

అప్పుడు పొయ్యి దగ్గర నిలబడ్డ వంటదాసి డోరిస్, యజమాని వంక చూడకుండానే నోరు విప్పింది. "అన్నీ తినేది కాదమ్మా. ఆ రాళ్ళు తెచ్చి దొడ్డి కట్టిన రోజు నుంచి పందిమాంసం ముట్టలేదు. కడుపు నెప్పని అయ్యగారితో చెప్పమనేది. పదేళ్ళూ అదే చెప్పాను. నెప్పీ లేదు, ఏమీ లేదు."

త్రిఫైనా లేచి శవం దగ్గరికి వెళ్ళి జుట్టు విప్పుకుంది. భర్త పీట మార్చుకుంటే, ఏ మాటా అనకుండా కంచంలోంచి ఒక్క ముక్క పక్కకి జరిపి పదేళ్ళు పోట్లాడిన ఇల్లాలి గురించి పాడింది. పాంక్రాటిస్ ముందు చెవులు మూసుకున్నాడు. తరువాత నేల మీద పడి, గుండెలు బాదుకుంటూ, ఎద్దు రంకె వేసినట్టు ఏడ్చాడు. తెల్లబట్టంతా మట్టికొట్టుకుపోయింది. కీర్తన పాడించడానికి వచ్చిన బిషప్పు గారు గడపలో నిలబడి, పాట అయ్యేదాకా లోపలికి రాలేదు.

శోకాలు పెట్టించినందుకు బిషప్పు గారు పాంక్రాటిస్‌ని ఈస్టర్ ముందటి ఉపవాస దినాలన్నీ చర్చి గుమ్మం బయట నిలబెట్టారు. ఈస్టర్ నాడు లోపలికి రానిచ్చారు. మళ్ళీ ముందు వరసలోనే కూర్చున్నాడు. గోడ మాత్రం కూల్చలేదు. పందుల్ని అమ్మేసి అక్కడ మేకల్ని కట్టాడు. అదీ అతని పశ్చాత్తాపం! ఆ ఏడే ఒక చావింట్లో లేచి శోకాలు పెట్టడం మహాపాపమని ఎప్పటికంటే గట్టిగా మాట్లాడాడు.

అది విని త్రిఫైనా పగలబడి నవ్వింది. మర్నాడు మూట కట్టుకుని, సంఘం వాళ్ళు ఏడాదికొకసారి తప్ప ఎక్కిరాని లిర్కియా కొండ మీదికి పోయింది. గొర్రెల కాపర్లు ఆమెని గౌరవంగానే చూసుకున్నారు. వాళ్ళ బతుకుల్లో జున్నూ తోడేళ్ళూ తప్ప పాడడానికి ఏమీ దొరకట్లేదని ఆమె తిట్టిపోసేది. అయినా పదకొండేళ్ళు అక్కడే ఉండి, పోయినవాళ్ళని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి మరీ సాగనంపింది.