మా కోట

యుద్ధకాలమంతా మా నాన్న బర్మాకి ఉత్తరాన కొండల్లో, తెల్లదొరలు సరిహద్దు కాపలాకి కట్టుకున్న కోటలో నీళ్లు మోశాడు. కోట అంటే పెద్దగా ఊహించుకోకండి. ఓ రాతిగోడ, దాని చుట్టూ వెదురు ముళ్లు, లోపల నాలుగు రేకుల కొట్టాలు. ఊట మాత్రం గోడ బయట, దిగువన ఉండేది. కట్టించిన దొరెవడో గానీ బుర్రలేనివాడని నాన్న నవ్వేవాడు. జపానువాళ్లు వచ్చి ఆ ఊట దగ్గరే మకాం పెట్టారు. లోపల గొంతులెండిపోయి, దొరలు వెనక గుమ్మంలోంచి కొండ దిగి పారిపోయారు. నీళ్లు మోసేవాణ్ణి రమ్మని ఎవరూ అనలేదు. ఆయన జపానువాళ్లకీ మోశాడు, దొరలు తిరిగొస్తే మళ్లీ వాళ్లకీ మోశాడు.

రంగూన్‌లో సైన్యం గద్దెనెక్కాక, సంచౌంగ్ పేటలో మా వీధి తెలుగువాళ్లు ఒక్కొక్కరే మూటలు కట్టి ఓడెక్కసాగారు. నాన్న ఎక్కనన్నాడు. పుట్టింది ఇక్కడే, గంజాం ఆయన తండ్రి ఊరు, కంటితో చూసింది లేదు. ఉండాలంటే పౌరుడన్న కాగితం కావాలి. ఆఫీసులో అడిగేది ఒకటే: యుద్ధంలో ఇండియావాళ్లంతా నడిచి వెళ్లిపోయారు కదా, నువ్వు వెళ్లలేదని రుజువేమిటి? నాన్నకున్న రుజువల్లా ఆ కోటే.

ఆయనకి బజారు బర్మీస్ వచ్చు, ఆఫీసు బర్మీస్ రాదు. అందుకని నన్ను వెంటపెట్టుకెళ్లాడు. నాకు పదహారేళ్లు, అన్నీ వచ్చన్న పొగరు. గుమాస్తాని సయా అని మర్యాదగా పిలిచి నిలబడ్డాను. నాన్న నావైపు తిరిగాడు.

"అందరూ ఎల్లిపోనారని సెప్పమ్మీ. నాను మా కోట ఒగ్గనేదు."

మా అంటే ఏముంది? పనిచేసే మిల్లు మా మిల్లు, ఎక్కే బస్సు మా బస్సు. నేను ఉన్నదున్నట్టు బర్మీస్‌లో చెప్పేశాను, మా కోట అని. గుమాస్తా తలెత్తి, ఆ మా ఎవరని అడిగాడు. తెల్లవాళ్లూ మీరూ ఒకటేనా అన్నాడు. నేను సర్దబోయాను. ఎంత సర్దితే అంత చెడింది. పరాయి సైన్యంలో పనిచేశాడని రాసుకున్నాడు. నెల తిరక్కుండా వెళ్లి కార్డు తెచ్చుకున్నాం. దాని మీద విదేశీయుడు అని ఉంది.

బస్సులో నాన్న దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఆయనకి ఆ అక్షరాలు రావు.

"ఏటి రాసినారమ్మీ?"

"నువ్విక్కడోడివేనని రాసినారు నాన్నా."

జాలిపడి అన్నానని చెప్పుకోను. నా నోటివల్లే పోయిందని ఒప్పుకునే ధైర్యం లేక అన్నాను. ఆ వారమే మేనమామ, ఓడలో మాకూ చోటు చూస్తానని వచ్చాడు. నాన్న కార్డు చూపించి, మాకక్కర్లేదన్నాడు. నేను నోరు విప్పలేదు. ఓడ వెళ్లిపోయింది. విదేశీయులకి తప్పనిసరైన ముద్ర ఆ కార్డు మీద ఏటేటా వేయించుకురావడానికి నేనే తిరిగాను, ఏదో వంక చెప్పి.

నాన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, టీకొట్టు దగ్గర కనిపించిన ప్రతివాడికీ చూపించేవాడు. వాళ్లు చదివేవారు. చదివి, ఆయన ముఖం చూసి, మర్యాదగా రెండు చేతులతో తిరిగి ఇచ్చేవారు.