చెక్ ట్రేలో మిగిలిన మేత

పదేళ్ల కిందట, వేసవి చివర్లో, నెల్లూరులోని ఒక చిన్న గేమ్ కంపెనీలో బ్యాలెన్స్ డిజైనర్‌గా చేరాను. ఆన్‌లైన్ ఆటలో ఆటగాడు ఎంత వేగంగా లెవల్ పెరగాలి, ఏ లెవల్లో ఎంత పెద్ద పని అప్పగించాలి అన్నది తేల్చడం నా బాధ్యత. అలా అప్పగించే పనిని క్వెస్ట్ అంటాం.

క్వెస్టులు రాసేది కరుణమ్మ గారు. తోటపల్లి గూడూరు మనిషి. తెలుగు టీచరుగా రిటైరయ్యి మా దగ్గరికి వచ్చారు. ఆమె ఏడాది పాటు రాసిన క్వెస్ట్ ‘గుంట కాపలా’. ఒక ముసలి కాపలాదారుకు తోడుగా ఆటగాడు రొయ్యల గుంటను పిల్ల వేసిన రోజు నుంచి, పెరిగిన రొయ్యల్ని పట్టే పట్టుబడి దాకా, పీతల బారి నుంచి కాపాడాలి. ఆరు మెట్లు, పదో లెవల్లో మొదలై ఇరవైలో ముగియాలి. ఆ కాపలాదారు కరుణమ్మ గారి తండ్రి. ఆయన పోయాక రాశారు.

దాన్ని దాదాపు ఎవరూ పూర్తి చేయలేదు. వచ్చే అప్‌డేట్‌లో తీసేస్తామని డిజైన్ హెడ్ చెప్పారు. నేనూ పొడవే కారణమనుకుని, రెండు మెట్లకు కుదించమని ఆమెను అడిగాను.

“కుదించేదానికి అదేమన్నా సెలవు చీటీనా నాయనా? ముందు మా తమ్ముడి గుంట చూసి రా. తర్వాత కత్తెర పట్టుకో.”

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమెతో వెళ్లాను. తమ్ముడు ఏసురత్నం నీళ్లలోంచి చెక్ ట్రే పైకి లాగాడు. మేత చల్లేటప్పుడు ఆ వల పళ్లెంలోనూ కొంత వేసి దించుతారు. కాసేపటికి తీసి, ఎంత తిన్నాయో చూస్తారు. అందులో మేత సగం అలాగే ఉంది.

“రొయ్యకు జబ్బా?” అన్నాను.

“రొయ్యకేం సార్, బాగుండాది. జబ్బు మేతేసినోడికి. నిన్న ట్రే చూడకుండా నేనే ఎక్కువ చల్లినా.”

కరుణమ్మ గారు నా వైపు తిరిగి, “విన్నావా, మేతేసినోడా?” అన్నారు.

కొత్త ఆటగాళ్లు త్వరగా వెళ్లిపోతున్నారని, ఆటలో పీతల్ని చంపితే వచ్చే, లెవల్ పెంచే పాయింట్లను అంతకు ముందు నేనే రెట్టింపు చేశాను. ఎవరు ఎక్కడ వదిలేస్తున్నారో ఒక్కసారీ చూడలేదు. సోమవారం మెట్టు మెట్టుకూ రిపోర్టు తీశాను. అందరూ ఆగింది నాలుగో మెట్టు దగ్గర. అక్కడికి చేరేసరికే వాళ్లు ఇరవై లెవల్ దాటేశారు. గుంట మీదికొచ్చే పీతలు ఒక్క దెబ్బకు చస్తున్నాయి. బహుమతిగా ఇచ్చే కత్తి కంటే చేతిలో ఉన్నదే మేలుగా ఉంది.

మొదటి ఐదు లెవల్ల వేగం అలాగే ఉంచాను. ఆ పైన పీతల పాయింట్లు సగానికి తగ్గించి, ఆ తగ్గించినవి క్వెస్ట్‌లో ప్రతి మెట్టు చివరా బహుమతిగా పెట్టాను. రిపోర్టు చూసి డిజైన్ హెడ్ ఒక అప్‌డేట్ వరకు గడువిచ్చారు. ఆరు మెట్లూ నిలిచాయి.

కొన్ని వారాలకు ఆట చాట్‌లో ఒకరు అడిగారు: “పట్టుబడి అయిపోయింది. ఇప్పుడు ఆ తాత ఎక్కడికి పోతాడు?”

కరుణమ్మ గారు అది రెండుసార్లు చదివారు. “ఇంటికి పోతాడని చెప్పు,” అన్నారు.

ఆట మూతపడి చాలా కాలమైంది. ఆమె ఈ ఏడాది పోయారు. ఎవరైనా పని సగంలో వదిలేస్తే, దాని పొడవును తప్పుపట్టే ముందు వాళ్లకు నేను ఎక్కువగా ఇచ్చిందేమిటో చూడాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. ఆ తర్వాత నా కింద చేరిన ప్రతివారికీ మొదటి రోజు ఆ నాలుగో మెట్టు రిపోర్టే చూపించాను.