బంగారు నీళ్ల సోడా

మా అక్క ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఈమధ్య కొరియావాళ్ల పరమైపోయాయి. అక్క, నా భార్య, పక్కింటి అత్త ముగ్గురూ గోడకానుకుని కూర్చుని, అనపకాయల గింజలు ఒలుచుకుంటూ, టీవీ సీరియల్‌లో తెలుగు మాట్లాడే ఆ కొరియా మనుషులను చూస్తుంటారు. నేను తలుపు దగ్గర కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని చూడనట్టు చూస్తుంటాను. సోయా గింజలు పులియబెట్టి, పెద్ద పెద్ద జాడీల్లో ఊరబెట్టి అమ్ముకునే ఒక కుటుంబం కథ అది. తాతల నాటి వ్యాపారం, కొనేవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతుంటారు. మన ఊరగాయ జాడీలే గదమ్మా, మూతికి గుడ్డ గూడా కట్టినారు అని పక్కింటి అత్త మొదటి రోజే వాళ్లను మనవాళ్లలో కలిపేసుకుంది. నా భార్యకు ఆ ఇంటి పెద్దకోడలు మీద అనుమానం. అక్క మాత్రం ఏమీ అనదు, ఆ ఇంటి ముసలి తండ్రి జాడీ మూత తీసి వాసన చూసినప్పుడల్లా ఆమె చేతిలో అనపకాయ ఆగిపోతుంది.

పోయిన ఆదివారం ఆ ఇంటి చిన్నకొడుకు బండారం బయటపడింది. సరుకు అమ్ముడుపోవాలని, ఇది రాజుగారి వంటింటి నుంచి వచ్చిన పాకమని వాడు ఊరంతా చెప్పుకొచ్చాడు. అబద్ధమని తేలేసరికి కొన్నవాళ్లంతా జాడీలు తెచ్చి వాకిట్లో పెట్టిపోయారు.

"కొంప ముంచినోడు వీడే. వీని నోరు కుట్టేయాల" అంది నా భార్య.

"చూసేకి యెంత బుద్ధిమంతుని మాదిరి ఉండాడో చూడమ్మా" అంది పక్కింటి అత్త.

నేను పేపరు తిప్పాను. ఆ పేజీలో టెండర్ల ప్రకటనలు తప్ప ఏమీ లేవు. వాటినే శ్రద్ధగా చదివాను.

నేను కథలు అల్లుతానని ఈ ఊళ్లో నా ఈడువాళ్లందరికీ తెలుసు. మా ఊరి బంగారు గనిలో పడ్డ కోడి మూడు రోజులకు బేతమంగళం చెరువులో తేలి, గట్టెక్కి గుడ్డు పెట్టి మరీ చచ్చిపోయిందని నేను చెబితే, నమ్మకపోయినా ఆ గుడ్డు ఏమైందని అడిగినవాళ్లున్నారు. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు. అలాంటిదైతే ఎంత బాగుండును.

మాది గోలీ సోడా వ్యాపారం. సీసాలను మిషన్‌లో బోర్లించి బిగించి చక్రం తిప్పితే, గ్యాసు ఎక్కి, గోలీ తనంతట తానే మూతికి వచ్చి బిగుసుకునేది. చక్రం నాన్నది, సీసాలు కడగడం అక్కది, అంగళ్లకు చేర్చడం నాది. ఒకసారి సీసా పేలి అక్క కనుబొమ్మ చీలింది, ఆ గీత ఇప్పటికీ ఉంది. గనిలో పని వదిలే కూత వినబడిందంటే నాన్న సీసాలు ఐసులోంచి తీసి బల్ల మీద వరసగా పెట్టేవాడు. భూమి అడుగున ఆ వేడిలో పని చేసి పైకొచ్చినవాళ్లు మాటాపలుకూ లేకుండా రెండేసి సీసాలు తాగి, అప్పుడు గానీ మమ్మల్ని పలకరించేవాళ్లు కాదు.

గనులు మూసేశారు. కూత ఆగిపోయింది. అయినా ఆ వేళకు నాన్న చేయి చక్రం మీద ఆగేది, తల వీధివైపు తిరిగేది, ఎవరూ రారని గుర్తొచ్చాక మళ్లీ చక్రం కదిలేది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మామిడి కాలం మొదలైందని, పెట్టెలు బస్సుపైకెక్కించుకుని శ్రీనివాసపురం పండ్ల మండీకి పోయాను. అక్కడ అప్పటికే ముళబాగిలు నుంచి వచ్చే ఒకాయన సోడా పాతుకుపోయి ఉంది. ఆ ముళబాగిలు ఆయన నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు, సోడా పట్టడం నేర్పింది కూడా ఆయనే. మొదటి రోజు నా సీసాలు నాతోనే తిరిగొచ్చాయి. రెండో రోజు నోరు ఊరుకోలేదు.

మా బావికీ గనికీ భూమిలోపల దారి ఉందన్నాను. నీళ్లు బంగారు రాతిని ఒరుసుకుని వస్తాయన్నాను. ముప్పై ఏళ్లు ఆ నీళ్లే తాగిన మా తాతకు పళ్లు పచ్చగా మెరిసేవని, ఆయన పోయాక కాటికాపరి ఆ బూడిదను మూడుసార్లు జల్లెడ పట్టాడని కూడా చెప్పాను. చిత్తూరు లారీ డ్రైవర్లు సీసాలను ఎండకెత్తి లోపల తళుకు కోసం చూసేవాళ్లు, కనబడిందని ఒకరిద్దరు ఒట్టు కూడా పెట్టారు. సోడా పెట్టెలకు పెట్టెలు అమ్ముడుపోయింది. నాన్న ఆ నెల్లో కొత్త గోలీలు తెప్పించాడు, బోర్డుకు రంగు వేయించాడు, అమ్మ పోయిన తరవాత మొదటిసారి ఈల వేస్తూ చక్రం తిప్పాడు. నిజానికి మాకు బావే లేదు. వీధి కొళాయి నీళ్లే.

ఒకరోజు మండీలో బుట్టలు మోసే ఆయన కాయలు మితిమీరి తిని, పైన మా సోడా తాగి, వాంతి చేసుకున్నాడు. పక్కనున్న ముసలాయన తాపీగా అడిగాడు: "గని నీళ్లంటే బంగారం ఒకటే యెట్లా వస్తాదప్పా? సైనైడు గూడా రావాల గదా?"

గని రాతిపొడిలోంచి బంగారం విడదీసేది సైనైడుతోనే. ఆ మిగిలిన పొడి పోసిన మా ఊరి సైనైడు దిబ్బలు ఎవరికి తెలియవు? గాలి లేస్తే ఆ దుమ్ము అన్నం పళ్లేల్లో పడేది. వారం తిరక్కుండా అంగళ్లవాళ్లు పెట్టెలు వెనక్కి పంపేశారు. నాన్న ఒక పెట్టె నెత్తికెత్తుకుని మండీకి వచ్చి, నడిమధ్య నిలబడి, సీసా తర్వాత సీసా కొట్టి తాగాడు.

"కొళాయి నీళ్లప్పా. ఉత్త కొళాయి నీళ్లు. చూడండి, నాకేమైనా అయ్యిందా?"

ఆరో సీసాకు పొట్ట పట్టుకున్నాడు. అయినా ఏడోది కొట్టాడు. జనం చూశారు గానీ ఒక్కరూ కొనలేదు. బంగారం ఉందంటే నమ్మినవాళ్లు కొళాయి నీళ్లంటే నమ్మలేదు.

తిరుగు బస్సులో అడిగాడు. "మనవి గని నీళ్లని యెవరు పుట్టించినార్రా?"

ముళబాగిలు ఆయనే అయ్యుంటాడు, మన బేరం చూసి ఓర్వలేక, అన్నాను. అంత చిన్న అబద్ధం నేను అంతకుముందెప్పుడూ చెప్పలేదు. నాన్న కిటికీ వైపు తిరిగి, సీసాల పెట్టెను కాళ్ల మధ్యకు లాక్కున్నాడు.

మిషన్ పాత ఇనుముకు పోయింది. నాన్న ఊళ్లో తక్కినవాళ్లలాగే తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరులో కాపలా పనికి పోవడం మొదలుపెట్టాడు, నాలుగేళ్లకు ఆ రైల్లోనే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ముళబాగిలు ఆయన నాన్న చావుకు వచ్చి ఓ మూల నిలబడితే నేను ఆయన కళ్లలోకి చూడలేదు. తరవాత కొన్నాళ్లకు ఆయనా పోయాడు.

పోయిన ఆదివారం సీరియల్ అయిపోయి అందరూ లేచాక అక్క చాట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. నా భార్య వంటింట్లో ఉంది.

"ఆ ముసలాయనకు కొడుకు చేసింది ముందే తెలుసు. నువ్వేమంటావు?" అంది.

యే ముసలాయనకు అన్నాను.

"మండీలో అంతమంది విన్న కథ నాన్న చెవిన పడకుండా ఉంటాదా? మీరు బస్సు దిగి వచ్చిన మరుసటి వారమే ముళబాగిలు పోయి, ఆయన చేతులు పట్టుకుని, నా కొడుకు వాని తప్పు నీ మీద పెట్టినాడు, మన్నించు అని చెప్పి వచ్చినాడు."

పేపరు ఇంకా నా చేతిలోనే ఉంది. ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"వద్దన్నాడు. తెలిస్తే వాడు ఇంగ నోరు తెరవడు, ఇంట్లో ఆ చప్పుడు గూడా లేకపోతే యెట్లా అన్నాడు."

ఇప్పుడు బెంగళూరులో పెద్ద పెద్ద అంగళ్లలో గోలీ సోడా మళ్లీ వచ్చింది, రంగు కాగితం చుట్టి, పాత రోజుల రుచి అని రాసి అమ్ముతున్నారు. దిబ్బల దగ్గర ఫోటోలు దిగడానికి వచ్చిన కుర్రకారు నా చుట్టూ చేరి గని కథ చెప్పమంటారు. కోడి కథ చెబుతాను, నవ్వుకుంటూ వెళ్లిపోతారు. మొన్న ఒకమ్మాయి ఇక్కడి నీళ్లలో బంగారం ఉండేదట, నిజమేనా అని అడిగింది. నేను పుట్టించిన మాటే, నాకంటే ముందు ముసలిదై, నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

కొళాయి నీళ్లమ్మా, ఉత్త కొళాయి నీళ్లు అన్నాను. ఆ అమ్మాయీ నమ్మలేదు.