అత్త ఒడిల పరిగె

మొన్న మహబూబాబాద్‌ల మా బిడ్డ ఇంటికి పోతే, మనవరాలు బడిల ఇచ్చిన బొమ్మల పుస్తకం తెచ్చి నా ముందట పడేసింది. "చదువు అమ్మమ్మా" అని ఒకటే సతాయింపు. పేదరాలు పిట్టకు ఆఖరి గుప్పెడు గింజలు పెడితే, పిట్ట ఆమె ఒడి నింపిందట. అది చూసి ఆశపోతు షావుకారు నా ఒడి గూడ నింపుమని పిట్టను పట్టి బెదిరిచ్చిండట. బొమ్మల షావుకారుకు కుండంత పొట్ట, మెలితిప్పిన మీసాలు. పిల్లలు గుర్తుపట్టాలె గదా! మా బాపు మాత్రం బక్కగ ఉంటుండె, మీసాలే లేవు.

ఈ కథ నాకు కొత్తది కాదు. దేవరుప్పుల దిక్కు మా ఊర్ల, మా మళ్లల్ల పరిగె ఏరుకునే ఒకామె చెప్పింది. ఆమెను అత్తా అని పిలుస్తుంటి. వరి కోసి కట్టలు మోసినంక రాలిన వెన్నులే పరిగె. అవి ఏరుకున్నోళ్లవే, ఆసామి అడగొద్దు, అది ఊరి కట్టు. ఆ యేడు వానలు లేక కాలం కాలేదు. అత్త పొద్దటి సంది వంచిన నడుము ఎత్తలే, ఎనకెనక నేను. వెన్నులు నలిపి గింజలు ఒడిల పోసుకున్నది. పొద్దు వాలినంక కల్లంల కూసొని, దుమ్ముల వేలితోటి పిట్టను గీసింది, పేదరాలిని గీసింది, కథ చెప్పింది. షావుకారును గీస్తుండంగ ఆమె ఒడి చూసిన. నిండుగ ఉన్నది! బాపు దగ్గరికి ఉరికిన. "బాపూ, కథల లెక్కనే అత్త ఒడి నిండింది!"

బాపు వచ్చిండు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి.

"పరిగె ఏరితే గింత ఎట్లయితదే? కుప్పల చెయ్యి వెట్టినవు. గుమ్మరియ్యి" అన్నడు.

"నీ బిడ్డనడుగు పటేలా, పొద్దటి సంది నా ఎంబడే ఉన్నది" అన్నది అత్త. "ఇంట్ల పిల్లలు పొయ్యికాడ ఎదురుచూస్తున్నరు."

ఇద్దరూ నా దిక్కు చూసిండ్రు. ఒక్కొక్క వెన్ను ఏరుడు నేను చూసిన. బాపు కండ్లు చూస్తే భయమైంది, తల వంచుకున్న. నా నోరు పడిపోను, ఒక్క మాట రాలే. అత్త లేచి కొంగు విప్పింది. గింజలు పిట్ట మీద, పేదరాలి మీద పడి బొమ్మలు మునిగినయి. మళ్ల ఆమె మా మళ్లకు రాలే.

పుస్తకంల ఆఖరి పేజీల షావుకారు ఒడి మట్టితోటి నిండింది. "మంచిగైంది వానికి!" అని మనవరాలు చప్పట్లు కొట్టింది. మా బాపుకు ఏం కాలే, ముసలితనం దాకా సుఖంగ తిని పోయిండు. అత్త కూడా ఎప్పుడో పోయిందట. పేజీలన్నీ మళ్లొకసారి తిరగేసిన. తల వంచుకున్న పిల్ల బొమ్మ ఏడా లేదు.

"ఆమెనే ఏరింది బాపూ, నేను చూసిన." గింత మాట నా నోటికి రానీకె యాభై ఏండ్లు పట్టింది, విననీకె ఇద్దరిల ఒక్కరూ లేరు.