గాజు గిలాసలో తుడుపు నీళ్లు

నా చిన్నప్పుడు మా క్వార్టరులో నేల నల్లగా ఉండేది. గచ్చు వేసిన రోజున అది ఏ రంగులో ఉందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గోదావరిఖనిలో బాయి పనివాళ్ల ఇళ్లన్నీ అంతే. బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ పలచటి పొర పరుచుకునేది. కిటికీ మూసినా వచ్చేది, గుడ్డ కట్టినా వచ్చేది, అన్నం గిన్నె మూత తీస్తే ఆ అంచున కూడా వేలికి అంటేది. దానికి మేం అలవాటు పడిపోయాం. బొగ్గంటే మాకు అసహ్యం లేదు, అది మాకు తిండి పెట్టింది. అసహ్యం అంటే ఏమిటో నాకు తెలిసింది వేరే రోజున. మా అమ్మ ఇల్లు తుడిచిన నీళ్లను మా సంఘం పాస్టరుగారి భార్య ఒక గాజు గిలాసలో ముంచి కిటికీలో పెట్టిన రోజున.

ముందు ఆ నీళ్ల సంగతి చెప్పాలి. మా క్వార్టర్ల లైను మొత్తానికి ఒకటే నల్లా. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వచ్చేది. బిందెలైతే వరసలో నిలబడేవి గానీ ఆడవాళ్ల నోళ్లు నిలబడేవి కావు. అంత తగువులాడి తెచ్చిన నీళ్లను ఒక్కసారి వాడి పారబోయడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు పెరట్లో కాకర పాదుకి. బాపు, అంటే మా నాన్న, బాయిలో వేసుకునే బట్టలు ఉతికిన నీళ్లు ఇల్లు తుడవడానికి. మొదట పిండిన నీళ్లు తారులా ఉండేవి, వాటిని అమ్మ మురుగు పోయే మోరిలో పోసేది. రెండోసారి జాడించిన నీళ్లలో ఇంకా నురగ మిగిలేది. "సబ్బు నీళ్లు మోరిల పోస్తరా ఎవరన్న?" అనేది. ఒక్క మా అమ్మే కాదు, లైనులో ఇంటింటా అదే పద్ధతి. అలా చేసిన ఇల్లాలిని పనిమంతురాలు అనేవారు.

ఆ బూడిదరంగు నీళ్లలో మూతెడు ఫినాయిల్ పోస్తే బకీటంతా పాలలా తెల్లబడేది. ఆ తెలుపు చూసి అమ్మకి తృప్తి. తుడుపు గుడ్డ కూడా బాపు చిరిగిన బాయి చొక్కాయే. దళసరిది, నీళ్లు బాగా పీల్చేది, నల్లటిది కాబట్టి ఎంత మురికి అంటినా కనిపించేది కాదు. ఏనాడూ పూర్తిగా ఆరగా నేను చూడలేదు. బకీటు అంచున ముద్దగా వేలాడుతూ ఉండేది, పట్టుకుంటే జిగటగా జారేది. ఇది రాస్తుంటే కూడా ఆ వాసన నా ముక్కుకి తగులుతోంది. చచ్చిన ఎలుక మీద ఫినాయిల్ చల్లితే ఎలా ఉంటుందో అలా.

ఆ ఏడు మా తమ్ముడు పాకడం మొదలుపెట్టాడు. వాడికి ముందు పుట్టిన చెల్లె సరిగ్గా అదే వయసులో విరేచనాలతో చనిపోయింది. ఇప్పుడు వీడికీ అవే. దవాఖానలో మందు పోస్తే తగ్గేది. ఇంటికి వచ్చి మళ్లీ పాకగానే తిరగబెట్టేది. కళ్లు లోపలికి పీక్కుపోయాయి. ఏడుపు వచ్చేది గానీ కన్నీళ్లు రావడం మానేశాయి. అమ్మ మాత్రం ఏడ్చేది కాదు. ఇల్లు తుడిచేది. వాడికి జబ్బు ఎక్కువైనకొద్దీ ఇంకా ఎక్కువ తుడిచేది. పూటపూటకీ, అదే గుడ్డతో, అదే నీళ్లతో. ఆ తడి నేల మీద వాడు అరచేతులు టపటప కొట్టుకుంటూ పాకి, ఆ చేతుల్నే నోట్లో పెట్టుకుని చీకేవాడు.

పక్కింటి అవ్వ మంచి మనిషి. నోరే కాస్త పెద్దది. రోజూ గడపలో నిలబడి, "దిష్టి గొట్టిందే నీ కొడుక్కి. తాయెత్తు కట్టియ్యి. మీ దేవునికి కోపమొస్తే నా పేరు చెప్పు, నేను జవాబిచ్చుకుంట" అనేది. అమ్మ అప్పటికి సంఘంలో చేరి ఎంతో కాలం కాలేదు. చెల్లెను పూడ్చిన చోటు నుంచి నేరుగా మందిరానికి నడిచిన మనిషి ఆమె. పాస్టరుగారి భార్యను సంఘంలో అందరం అమ్మగారు అనేవాళ్లం. ఒకరోజు అమ్మ బాపుతో అన్న మాట నేను విన్నాను. "రేపు అమ్మగారు వచ్చి ప్రార్థన జేస్తరు. అప్పటికీ తగ్గకపోతే నేనేం జేస్తనో నాకే తెల్వది." ఆ మాటతో మా ఇంట్లో రెండు ప్రాణాలు పందెంలో ఉన్నట్టు నాకు అనిపించింది. ఒకటి తమ్ముడిది, ఇంకొకటి అమ్మ విశ్వాసానిది.

అమ్మగారు వస్తున్నారని మరునాడు అమ్మ నేలను మామూలుకన్నా గట్టిగా తుడిచింది. ఫినాయిల్ ఒక మూత కాదు, బోర్లించి పోసింది. నేల మెరిసింది. అమ్మగారు తెల్ల చీరలో వచ్చారు, చాప వద్దన్నారు, గచ్చు మీదే మోకాళ్లూని రెండు అరచేతులు నేలకి ఆనించి తల వంచారు. అమ్మ వెనకాల, నేను అమ్మ వెనకాల. తమ్ముడు ఆమె ముందే పాకుతున్నాడు. ప్రార్థన ఇంకా స్తుతి దగ్గరే ఉంది. ఉన్నట్టుండి ఆగింది.

నేను కళ్లు తెరిచాను. అమ్మగారు తన అరచెయ్యి తిప్పి చూసుకుంటున్నారు. ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశారు. ఆమె ముఖం ముడుచుకుపోవడం నాకు కనిపించింది. చీర మోకాళ్ల దగ్గర రెండు నల్లటి ముద్రలు. గబుక్కున తమ్ముణ్ని పైకెత్తి, వాడి నోట్లోంచి వేళ్లు లాగేశారు.

"అమ్మగారూ, ప్రార్థన..." అంది అమ్మ, భయంగా.

"ప్రభువు ఆగుతడు బిడ్డా. పోరడు ఆగడు. మంచినీళ్లు తే, ముందుగాల వీని చేతులు కడుగుదాం."

వాడి చేతులు కడిగి అమ్మ ఒళ్లో పెట్టాక, ఇల్లు తుడిచిన నీళ్లు ఎక్కడున్నాయని నన్ను అడిగారు. గోడ వారన ఉన్న బకీటు చూపించాను. గూట్లో చుట్టాలకని దాచిన గాజు గిలాస తీసి, బకీటులో ముంచి, కిటికీలో వెలుగు తగిలేచోట పెట్టారు. అమ్మకి ఒక్క మాట చెప్పలేదు. కూర్చుని గంజి కాయించి, అందులో ఉప్పు వేయించి, చెంచాతో తమ్ముడికి పట్టిస్తూ బాపు కోసం చూశారు. నేను కిటికీని చూస్తూ కూర్చున్నాను. పాలలా ఉన్న ఆ నీళ్ల అడుగున నెమ్మదిగా నల్లటి మడ్డి దిగింది. పైన నూనెలాంటి తెట్టె తేలింది. నడుమ ఒక వెంట్రుక మెల్లగా తిరిగింది.

బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. కళ్లు, పళ్లు తప్ప అంతా నలుపు. అమ్మగారు లేచి ఆ గిలాస అతని ముందు పెట్టారు.

"అలిసిపోయి వచ్చినవ్ తమ్మీ. తాగు."

బాపు చెయ్యి చాచి, చూసి, పాము కనిపించినట్టు వెనక్కి తీసుకున్నాడు. "గివి తాగుతరా అమ్మగారూ! గివి నా బాయి బట్టల నీళ్లు."

"అయితేంది? బొగ్గే గదా. బొగ్గు తింటే ఎవలు సచ్చిండ్రు?"

"ఒక్క బొగ్గే గాదు."

"మరేంది? చెప్పు. నీ భార్య వింటది."

బాపు నేల చూపులు చూశాడు. అమ్మగారి భర్త పాస్టరు కాకముందు బాయిలో బొగ్గు నింపేవాడు. ఆమెకి అన్నీ తెలుసు. పరాయి మనిషైన తను చెబితే అమ్మ సిగ్గుతో చచ్చిపోతుందని ఆ మాట బాపు నోటనే చెప్పించాలనుకున్నారు. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.

బాపు ఎట్టకేలకు నోరు విప్పాడు. బాయి లోపల మరుగుదొడ్డి ఉండదు. అంతమంది మనుషులు షిఫ్టు మొత్తం ఎక్కడికి పోతారు? చీకట్లో ఏ మూల దొరికితే ఆ మూల. పైనుంచి నీళ్లు కారతాయి, ఆ మూలలన్నీ కలిపి కాళ్లకిందికి పారిస్తాయి. పిక్కల దాకా ఆ నీళ్లలో నిలబడే తట్టలు నింపుతారు. అందులోనే జారి పడతారు. ఆ పక్కనే కూర్చుని సద్ది తింటుంటే ఎలుకలు ఒళ్లోకి ఎక్కుతాయి. "ఆ బట్టలే నేను ఇంటికి ఏసుకొస్త" అన్నాడు.

అమ్మ బాపు వైపు తిరిగింది. "ఇన్నేండ్ల సంది ఎందుకు చెప్పలే?"

"గా ముచ్చట ఇంటికి తేవద్దనుకున్న."

"ముచ్చట తేలే. బట్టల్ల తెచ్చినవ్."

అంతే. తమ్ముణ్ని నా చేతుల్లో పెట్టి అమ్మ మోరి దగ్గరికి పరుగెత్తింది. కడుపులో ఉన్నదంతా కక్కింది. ఏమీ మిగలకపోయినా కక్కుతూనే ఉంది. తన చేతుల్నే చూసుకుని కక్కింది. అమ్మగారు వీపు నిమురుతూ పక్కన నిలబడ్డారు. పాపం, దేవుడు, శిక్ష అని ఒక్క మాట కూడా అనలేదు. ఆమె స్థానంలో ఇప్పటి బోధకుడెవరైనా ఉంటే అక్కడికక్కడే ఒక ప్రసంగం చేసి ఉండేవాడు. పైకి భక్తి, లోపల కుళ్లు ఉన్నవాళ్లను సున్నం కొట్టిన సమాధులని ప్రభువు అంత కోపంగా ఎందుకు తిట్టాడో నేను ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు. తెల్లగా, వాసనగా ఉన్న ఆ బకీటు దగ్గర నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం నల్లా వచ్చింది. అమ్మగారు చీర కుచ్చిళ్లు దోపుకుని నేలమీద కూర్చున్నారు. మొదట తడి చీపురుతో, దుమ్ము లేవకుండా, మూలల నుంచి వాకిలి వైపు ఊడ్చారు. బాపు బాయి చొక్కా గుడ్డను కర్రతో ఎత్తి బయటికి విసిరారు. తన సంచిలోంచి తల తుడుచుకునే పాత తెల్ల పంచె తీసి నాలుగు ముక్కలు చించారు. "నల్ల గుడ్డ మురికిని దాస్తది. తెల్లది చాడీలు చెప్తది. ఇంట్ల చాడీలు చెప్పేటిదే ఉండాలె" అన్నారు. రెండు బకీట్లు పెట్టించారు. ఒకదాంట్లో మంచి నీళ్లు, ఇంకొకటి ఖాళీ. గుడ్డ మంచి నీళ్లలో ముంచి నేల తుడిచి, మురికిని ఖాళీ బకీటులో పిండి, దానిమీద చెంబుతో నీళ్లు పోసి జాడించి, అప్పుడు గానీ మళ్లీ మంచి నీళ్లలో పెట్టనివ్వలేదు. మురికి గుడ్డను నేను ఒకసారి మరిచిపోయి ముంచబోతే నా మణికట్టు మీద చిన్న దెబ్బ వేశారు. నీళ్లు ఎన్నిసార్లు మార్చామో గుర్తులేదు. పిండిన నీళ్లు నలుపు నుంచి బూడిదకి, బూడిద నుంచి తేటకి వచ్చాయి. గచ్చు నిజానికి ఎర్రదని ఆ రోజు మాకు తెలిసింది.

గడపలో అవ్వ నిలబడి, "ఒక్క ఇంటికి గిన్ని నీళ్లా! గోదారిని మీ అయ్య రాసిచ్చిండా?" అంది. అమ్మ తల ఎత్తలేదు. అమ్మగారు మాత్రం కిటికీలోంచి గిలాస తీసి అవ్వ చేతికిచ్చి, "వాసన చూడు పెద్దమ్మా, మీ బకీటుల గూడ ఇదే ఉన్నది" అన్నారు. అవ్వ వాసన చూసింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. కాసేపటికి వాళ్లింటి మోరిలో బకీటు బోర్లించిన చప్పుడు వినిపించింది.

అంతా అయ్యాక తడి ఆరనిచ్చి, అమ్మగారు అరచేతితో నేలను నిమిరి చూసుకున్నారు. చెయ్యి శుభ్రంగా ఉంది. అప్పుడు మోకాళ్లూని, ఆపిన చోటి నుంచి ప్రార్థన అందుకున్నారు.

తమ్ముడికి వెంటనే నయం కాలేదు. దవాఖాన మందు, ఉప్పు గంజి, అమ్మ మేల్కొని చేసిన ప్రార్థన, అన్నీ కావలసి వచ్చాయి. కానీ ఈసారి ఇంటికి వచ్చి పాకినా తిరగబెట్టలేదు. బాపు ఆ తర్వాత బాయి బట్టలు పెరట్లోనే విప్పి, అక్కడే స్నానం చేసి లోపలికి వచ్చేవాడు. ఆ బట్టల బకీటు మళ్లీ గడప దాటి లోపలికి రాలేదు. అమ్మ తాయెత్తు కట్టించలేదు. ఎందుకు కట్టించలేదని అవ్వ కూడా మళ్లీ అడగలేదు.

ఇప్పుడు నాకు మోకాళ్లు వంగవు, కర్ర ఉన్న మాపు పట్టుకుంటున్నాను. మాపుతో నాకు పేచీ లేదు. మొన్న మా మందిరంలో మరుగుదొడ్డి కడిగిన మాపునే పిండి, అదే బకీటుతో తెల్ల టైల్సు తుడుస్తుంటే మాత్రం నాకు డోకు వచ్చింది. పిల్లలు దొర్లే నేల అది. ఇదేమిటని అడిగితే ఒక పెద్దాయన, "నిమ్మకాయ వాసన వస్తున్నది గద అమ్మా" అన్నాడు. వాసన వేసినంత మాత్రాన అది నిమ్మకాయ అవుతుందా? వంటింట్లోంచి ఒక గాజు గిలాస తెప్పించి, ఆ నీళ్లు ముంచి, బల్ల మీద ఆయన ముందు పెట్టాను. ఆరాధన కొంచెం ఆలస్యమైంది.

ఎక్కడ ప్రార్థనకి కూర్చున్నా, ముందు వంగి నేలను అరచేతితో ఒకసారి నిమురుతాను. చెయ్యి నల్లగా వస్తే లేచి బకీట్లు వెతుకుతాను, రెండు. ప్రభువు ఆగుతాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎర్ర గచ్చు బయటపడిన రోజునే నాకు తెలిసింది.