పై గదిలో చల్లగాలి

గుణదలలో మా మేడ మీది రెండు గదులను ఆసుపత్రులకు వచ్చేవాళ్లకు రోజు అద్దెకు ఇస్తుంటాను. ఎండాకాలం వస్తే చాలు, కొందరు ఏసీ వేసి, తలుపు బార్లా తెరిచి టిఫిన్‌కి వెళ్లిపోయేవారు. విసుగెత్తి గోడకి కాగితం అంటించాను: ‘ఏసీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, మళ్లీ రాత్రి పది తరువాతే.’ అదీ చాలక ఆ ఏసీల స్విచ్‌లు కింద మా వరండాలో పెట్టించాను.

ఒక మే నెలలో మైలవరం నుంచి ఒక పెద్దాయన, భార్యకు కంటి ఆపరేషన్ చేయించడానికి వచ్చి దిగారు. కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ పని చేసి రిటైరయ్యారట. కాగితం చదివి, “అలాగేనమ్మా” అన్నారు.

ఆపరేషన్ అయిన మర్నాడు, పన్నెండు దాటి ఎండ బాగా ముదిరాక, ఉతికిన దుప్పటి ఇవ్వడానికి పైకి వెళ్లాను. తలుపు తీయగానే చల్లగాలి ముఖానికి తగిలింది. నాకు ఒళ్లు మండిపోయింది.

“కింద స్విచ్ ఆపేసే ఉంది కదండీ, ఏసీ ఎలా వేశారు?”

“వెయ్యలేదమ్మా. చెయ్యి పెట్టి చూడండి.”

స్టూలు ఎక్కి చూశాను. ఏసీ వెచ్చగా ఉంది.

అప్పుడు గమనించాను. పడమటి కిటికీకి తడిపిన నూలు చీర కట్టి ఉంది. ఎదుటి గోడలో, ఎప్పుడో రంగులు వేసినప్పుడు బిగుసుకుపోయిన మెట్ల వైపు వెంటిలేటర్ తెరుచుకుని ఉంది. ఆ మెట్ల పైన డాబా తలుపూ తీసే ఉంది.

“ముప్పై ఏళ్లు వేడి పక్కనే బతికానండి. దానికి పైకి పోయే దారి ఇస్తే అదే పోద్ది. పోతా పోతా ఇటునుంచి గాలిని లాక్కుంటది. ఆ గాలి తడి చీరలోంచి రావాలి, అంతే,” అంటూ ఆయన పేపరు ముక్క చించి వెంటిలేటర్ దగ్గర పట్టుకున్నారు. అది రెపరెపలాడుతూ బయటి వైపు సాగింది. బయట వడగాలి కొడుతోంది. అదే గాలి ఈ గదిలోకి ఇంత చల్లగా వస్తోంది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నదాన్ని నేను.

“ఆయనకి గాలి కనపడుద్దండీ,” అంది మంచం మీంచి ఆవిడ, కంటికి కట్టుతోనే నవ్వుతూ.

“తప్పుగా అనుకున్నాను, ఏమీ అనుకోకండి,” అన్నాను.

“దాందేముందమ్మా,” అని ఆయన చీర మీద ఇంకో చెంబు నీళ్లు చల్లారు.

వాళ్లు వెళ్లేలోపే గోడమీది కాగితం తీసేశాను. ఇప్పుడు ఎవరు దిగినా ముందు ఆ వెంటిలేటర్ చూపిస్తాను. కొందరు వినరు, ఏసీయే వెయ్యమంటారు. విన్నవాళ్లు మాత్రం పేపరు ముక్క పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోతారు.